యెరూషలేము సమాధి దేవాలయం: కోట గోడల లోపల ఉన్నదానిని ‘గవిని వెలుపట’ అని ఎలా నమ్మడం?

సందేహి_తెనాలి
మా సంఘం వాళ్లం నలభై మందిమి గత నెలలో పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లి వచ్చాము. పది రోజుల ప్రయాణంలో నాకు అసంతృప్తి మిగిలినది ఒక్క చోటే, అది కూడా అన్నింటికంటే ముఖ్యమైన చోట. యేసు సమాధి మీద కట్టారని చెప్పే, హోలీ సెపల్కర్ అనే సమాధి దేవాలయంలో మా గైడు మమ్మల్ని నలభై నిమిషాలు ఉంచాడు. అందులో ముప్పయి నిమిషాలు సమాధి ముందు వరుసలో నిలబడడానికే సరిపోయాయి. మిగిలిన పది నిమిషాల్లో అతడు చెప్పిన సంగతులు మూడు: తాళంచెవి ముస్లింల దగ్గర ఉంటుంది, ముఖద్వారం పైనున్న నిచ్చెనను ఎవరూ కదపరు, క్రైస్తవులు ఇక్కడ కొట్టుకుంటారు. మరునాడు పాత నగరం గోడల బయట ఉన్న తోట సమాధికి తీసుకువెళ్లి, అసలు స్థలం ఇదేనని చాలామంది అంటారని ఇంకొక మాట తగిలించాడు.

నా సందేహం ఇది. యేసు ‘గవిని వెలుపట’, అంటే ఊరి కోట గుమ్మానికి బయట, శ్రమపొందాడని హెబ్రీ పత్రిక చెబుతోంది. ఈ దేవాలయమేమో పాత నగరపు కోట గోడలకు బాగా లోపల, బజారు సందుల నడుమ ఉంది. లోపల ఒక స్తంభానికీ మరొక స్తంభానికీ పోలిక లేదు. వెలుతురు లేదు. యేసును సిలువ వేసిన గొల్గొతా కొండ అంటే అద్దం వెనుక కనబడే రాయి. యోహాను సువార్తలో ఉన్న తోట జాడే లేదు. మా అమ్మ బయటకు వచ్చి, ‘ఇది గుడిలా లేదురా, పాత సంతలా ఉంది’ అంది. ఈ స్థలం నిజంగా ఆ స్థలమేనా, లేక రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైను తల్లి హెలెనా రాణికి ఎవరో ఏదో ఒకటి చూపించి పంపారా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

పాతరాళ్లు
మీరు చూసిన గోడలు ఒట్టోమన్ సుల్తాను సులేమాను 16వ శతాబ్దంలో కట్టించినవి. వాటిని పట్టుకుని యేసు నాటి ఊరి పొలిమేరను కొలవడం, ఔటర్ రింగు రోడ్డును చూసి చార్మినారు కట్టిన నాటి హైదరాబాదు ఇంత ఉండేదని అనడం వంటిది.

సిలువ మరణం సుమారు క్రీ.శ. 30లో జరిగింది. ఆ తరువాత క్రీ.శ. 41-44 మధ్య ఏలిన మొదటి హేరోదు అగ్రిప్ప ఉత్తరం వైపు కొత్త గోడ మొదలుపెట్టించాడు. అప్పుడు ఈ ప్రదేశం ఊరిలో కలిసింది. అంతకుముందు ఇది ఊరి బయట పాడుబడిన రాతి క్వారీ. 1960లలో కాథ్లీన్ కెన్యన్, ఆ తరువాత పక్కనే ఉన్న లూథరన్ రిడీమర్ చర్చి కింద ఊటె లక్స్ జరిపిన తవ్వకాల్లో క్వారీ, దాన్ని పూడ్చిన మట్టి బయటపడ్డాయి.

దీనికంటే గట్టి ఆధారం దేవాలయం లోపలే ఉంది. సమాధికి వెనుక సిరియన్ల చిన్న ప్రార్థనాలయంలో, మసిబారిన గోడకు అవతల, రాతిలో తొలిచిన యూదుల సమాధి గూళ్లు ఉన్నాయి. అరిమతయియ యోసేపు సమాధి అని వాటికి పేరు. పేరు సంగతి ఎలా ఉన్నా అవి ఆ కాలపు పద్ధతిలో తొలిచినవే. యూదులు ఊరి లోపల శవాలను పాతిపెట్టరు. కాబట్టి ఆ గూళ్లు తొలిచిన నాడు ఆ చోటు గవినికి వెలుపలే ఉండాలి. మీ గైడు మిమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లి ఉండడు.

సందేహి_తెనాలి
తీసుకువెళ్లలేదు. అక్కడ చీకటిగా ఉందని, పర్సులు జాగ్రత్త అని మాత్రం చెప్పాడు.

దీవెన_గుంటూరు
మేము లూథరన్ సంఘం వారము. మాకు తోట సమాధి దగ్గర కలిగిన ప్రశాంతత ఆ పెద్ద దేవాలయంలో కలగలేదు. చెట్ల నీడలో మా అయ్యగారు ప్రభు భోజనం ఇచ్చినప్పుడు ఏడవనివారు లేరు. దయచేసి దానిని ఒక్క మాటతో కొట్టిపారేయకండి.

పాతరాళ్లు
దీవెన గారూ, ప్రార్థనకు తోట సమాధి మంచి చోటే, అందులో తగాదా లేదు. చరిత్ర వేరే ప్రశ్న. బ్రిటిష్ సేనాని జనరల్ గోర్డన్ 1883లో దానిని ప్రచారంలోకి తెచ్చాడు. దగ్గరలో ఉన్న కొండ చరియ ఆయన కంటికి పుర్రెలా కనబడింది. అంతకుముందు పద్దెనిమిది వందల ఏళ్లపాటు అది యేసు సమాధి అని ఎవరూ అనలేదు. 1980లలో పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ ఆ సమాధిని పరిశీలించి, దాని పోలిక క్రీ.పూ. 8-7 శతాబ్దాల సమాధులతో ఉందని తేల్చాడు. యోహాను సువార్త చెప్పేది ఎవరినీ ఉంచని క్రొత్త సమాధి గురించి. యేసు నాటికే ఏడు వందల ఏళ్ల పాతదైన గుహను క్రొత్త సమాధి అనడం ఎలా?

ఆరో_వరుస
మన ఊళ్లో ఆర్‌.సి.ఎం. వాళ్లదీ లూథరన్ వాళ్లదీ వేరే వేరే స్మశానాలు ఉన్నట్లు, యెరూషలేములో ప్రభువుకే రెండు సమాధులు ఏర్పాటు చేశారన్నమాట.

శిల్పి_మనవడు
స్తంభాలకు పోలిక లేదన్న ఫిర్యాదు గురించి రాస్తాను, ఎందుకంటే ఆ దేవాలయంలో నాకు నచ్చినది అదే. మా తాత రాతి పని చేసేవాడు. పాత గుడిలో ఒక్క రాయి తేడాగా కనబడినా, ‘ఇక్కడ ఏదో జరిగింది’ అని అక్కడే ఆగిపోయేవాడు. ఈ దేవాలయంలో ప్రతి అడుగుకూ అలా ఆగవలసి వస్తుంది.

క్రీ.శ. 130 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి హడ్రియను యెరూషలేమును ఏలియా కాపిటోలినా అన్న పేరుతో రోమన్ నగరంగా మార్చాడు. క్వారీ గుంతను పూడ్పించి, ఎత్తు వేయించి, దాని మీద దేవాలయం కట్టించాడు. అది వీనసు దేవాలయమని నాలుగో శతాబ్దపు క్రైస్తవ చరిత్రకారుడు యుసేబియస్ రాశాడు. సుమారు రెండు వందల ఏళ్ల తరువాత, 325లో నీకయలో బిషప్పుల సభ జరిగినప్పుడు యెరూషలేము బిషప్పు మకారియస్ కాన్‌స్టంటైను చక్రవర్తిని కలిశాడు. ఆ గుడిని పడగొట్టి, కింది మట్టిని కూడా ఎత్తి పోయించగా రాతి సమాధి బయటపడింది. ఇక్కడ గమనించవలసినది, అప్పటి ఊరి నడిబొడ్డున, గోడలకు లోపల, కట్టి ఉన్న గుడిని కూల్చి మరీ వెతికారు. వట్టి కల్పనే అయితే ఊరి బయట ఖాళీ స్థలంలో హాయిగా ఏదో ఒక గుహను చూపించి ఊరుకునేవారు. స్థానిక క్రైస్తవులకు ఆ చోటు గుర్తుండి ఉండాలన్న వాదానికి నా దృష్టిలో ఇదే బలం.

కాన్‌స్టంటైను కట్టించినది ఒక భవనం కాదు, తూర్పు నుండి పడమరకు ఒక వరుస: వీధి గుమ్మం, ముందు వాకిలి, బసిలికా అనే పెద్ద ప్రార్థనా మందిరం, దాని వెనుక గొల్గొతా రాయి ఉన్న తెరిచిన ప్రాంగణం, చివర సమాధి చుట్టూ గుండ్రటి కట్టడం. 335లో ప్రతిష్ఠ జరిగింది. సమాధిని ఒంటరిగా నిలబెట్టడానికి చుట్టూ ఉన్న కొండరాతిని చెక్కి తీసేశారు. మీ అమ్మగారు చూడాలనుకున్న కొండ ఆనాడే పోయింది.

తరువాత 614లో పర్షియన్లు తగులబెట్టారు, మోదెస్తు అనే మఠాధిపతి మరమ్మతు చేయించాడు. 1009లో ఫాతిమిదు ఖలీఫా అల్-హాకిం ఆజ్ఞతో నేలమట్టం చేశారు, సమాధి రాతిని కూడా గునపాలతో కొట్టారు. 1048 నాటికి బైజాంటియను చక్రవర్తి కాన్‌స్టంటైన్ మోనోమకస్ డబ్బుతో గుండ్రటి భాగం మళ్లీ లేచింది గాని, పెద్ద బసిలికా ఇక లేవలేదు. ఉన్న డబ్బుకు ఉన్న రాళ్లతో కట్టారు. పొడవైన పాత రోమన్ స్తంభాన్ని అడ్డంగా కోసి రెండు స్తంభాలుగా నిలబెట్టారు. 1099లో ఐరోపా నుండి వచ్చి నగరాన్ని పట్టుకున్న క్రైస్తవ సైనికులైన క్రూసేడర్లు అప్పటిదాకా విడివిడిగా ఉన్న గొల్గొతాను, సమాధిని ఒకే కప్పు కిందికి తెచ్చారు. 1149లో వారి ప్రతిష్ఠ. మీరు లోపలికి వెళ్లిన జంట గుమ్మాల ముఖభాగం వారిదే. 1808 అగ్నిప్రమాదం తరువాత సమాధి మీద నేడు కనబడే చిన్న మందిరాన్ని కొమ్నెనోస్ అనే గ్రీకు మేస్త్రీ 1810 నాటికి కట్టాడు. 1927లో భూకంపం వచ్చింది. ఆ మందిరం కూలకుండా 1947లో బ్రిటిష్ వారు చుట్టూ ఇనుప దూలాలు బిగించారు.

ఇన్నిసార్లు పడి లేచిన ఇంట్లో స్తంభాలన్నీ ఒకే తీరుగా ఉంటే నేను అనుమానించేవాణ్ని.

గోదారి_గట్టు
శిల్పి గారి వ్యాసం చదివేసరికి టీ చల్లారిపోయింది, అయినా బాధ లేదు. హెలెనా సిలువను కనుక్కున్న కథ మాత్రం మీరు దాటవేశారు.

శిల్పి_మనవడు
కావాలనే దాటవేశాను. ఆ తరంలోనే బతికి, కాన్‌స్టంటైను గురించి పొంగిపోతూ రాసిన యుసేబియస్, సమాధి బయటపడిన తీరును వర్ణించాడు గాని హెలెనా సిలువను కనుక్కున్నదని ఎక్కడా అనలేదు. ఆ కథ నాలుగో శతాబ్దం చివరికి వచ్చాకే హెలెనా పేరుతో వినబడుతుంది. ఆమె యాత్రకు వచ్చిన మాట నిజం. ఏదో ఒకటి చూపించి పంపారా అన్న ప్రశ్నకు మాత్రం, తవ్వకం చక్రవర్తి ఆజ్ఞ, మకారియస్ పర్యవేక్షణ అన్నదే జవాబు.

ఎండుకొబ్బరి
తాళంచెవి సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. క్రైస్తవులు తమలో తాము కొట్టుకుంటుంటే చూడలేక నగరాన్ని గెలుచుకున్న సుల్తాను సలాదీను 1187లో దాన్ని ముస్లిం కుటుంబానికి అప్పగించాడని మా పాస్టరు గారు ప్రసంగంలో చెప్పారు. ఎంత సిగ్గుచేటు!

పాత_ప్రతి
ఆ కథ ప్రసంగానికి బాగుంటుంది, చరిత్రకు అంత సరిపోదు. ఒకటి, కుటుంబాలు రెండు: తాళంచెవి జూదే వారి దగ్గర ఉంటుంది, తలుపు తెరిచే హక్కు నుసైబే వారిది. జూదే వారు సలాదీను నాటి నుండి అంటారు, నుసైబే వారు తమ హక్కు ఖలీఫా ఉమరు కాలం నాటిదంటారు. రెండు, తలుపు చేతిలో ఉండడం అంటే అధికారం చేతిలో ఉండడం. శతాబ్దాలపాటు యాత్రికుల దగ్గర ప్రవేశ సుంకం వసూలు చేసింది ఆ గుమ్మం దగ్గరే. జగడాలు ఆపే మధ్యవర్తిత్వం తరువాతి తరాలు దానికి చేర్చిన అర్థం. సలాదీను జంట గుమ్మాల్లో కుడివైపుదాన్ని మూయించాడంటారు. అది ఇప్పటికీ రాతితో మూసే ఉంది.

ఉమరు పేరు వచ్చింది కాబట్టి ఇంకొక మాట. 638 ప్రాంతంలో నగరం ముస్లిం సేనలకు లొంగిపోయినప్పుడు, అక్కడి క్రైస్తవుల మతాధిపతి పాట్రియార్కు సొఫ్రోనియస్ ఆయనను లోపల ప్రార్థన చేసుకొమ్మన్నాడనీ, తాను ఇక్కడ మోకరిస్తే రేపు నా వాళ్లు దీన్ని మసీదు చేస్తారని ఆయన బయటకు వచ్చి ప్రార్థించాడనీ పదో శతాబ్దపు క్రైస్తవ రచయిత యుతీకియస్ రాశాడు. మూడు వందల ఏళ్ల తరువాతి రాత కాబట్టి అక్షరాలా నమ్మనక్కరలేదు. కాని దేవాలయం ఎదురుగా ఉమరు పేరిట మసీదు నేటికీ ఉంది, దేవాలయం దేవాలయంగానే ఉంది.

అమలాపురం_అమ్మాయి
నేను టెల్ అవీవ్ దగ్గర ఒక ముసలావిడకు కేర్‌గివర్‌గా ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. శనివారం నాకు సెలవు, కాని ఆ రోజు బస్సులు ఉండవు. అందుకని నెలకొకసారి శుక్రవారం సాయంత్రానికి ముందే యెరూషలేము చేరుకుని మనవాళ్ల గదిలో పడుకుంటాను. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు తీయడం చాలాసార్లు చూశాను, కనుక చెబుతాను.

రాత్రంతా లోపల గ్రీకులు, ఫ్రాన్సిస్కన్లు అనే కతోలిక సన్యాసులు, ఆర్మీనియన్లు ఉంటారు. తాళం మాత్రం బయట. పొద్దున్నే లోపలివాళ్లు తలుపులో ఉన్న చిన్న కిటికీ గుండా ఒక నిచ్చెనను బయటకు అందిస్తారు. తాళంచెవి జానెడు కంటే పొడుగు, ఇనుముది. తాళాలు రెండు, పైదానిని అందుకోవడానికే ఆ నిచ్చెన. అంటే బయటవాడు ఒక్కడే తీయలేడు, లోపలివాళ్లు ఒక్కరే రాలేరు. గొడవపడేవాళ్లని అందరూ నవ్వుతారు గాని, ఇద్దరి చేతులు పడితే తప్ప తెరుచుకోని తలుపు అది. మొదటిసారి చూసినప్పుడు చలికి వణుకుతూ నిలబడి నేను కన్నీళ్లు పెట్టుకున్నాను.

సందేహి_తెనాలి
అమ్మా, గైడు చెప్పిన కదపని నిచ్చెన ఇదేనా?

అమలాపురం_అమ్మాయి
కాదండీ. అది గుమ్మం పైన, కుడివైపు కిటికీ కింద గట్టు మీద ఎప్పుడూ ఉంటుంది. ఇది రోజూ కదిలే నిచ్చెన.

పాత_ప్రతి
కదపని నిచ్చెన 1728 నాటి చిత్రంలోనే కనబడుతుంది. ఆ గట్టు, కిటికీ ఆర్మీనియన్లవి. ‘ఎవరూ కదపరు’ అన్నది కొంచెం అతిశయోక్తి. 1997లో ఎవరో ఆకతాయి దాచేశాడు, మళ్లీ దొరికింది. 2009లో మరమ్మతుల సారువ కోసం కొద్దిగా జరిపారు.

అది అక్కడ ఉండడానికి కారణం స్టేటస్ కో, అంటే యథాతథ స్థితి. 1757లో సుల్తాను మూడవ ఉస్మాను, 1852లో సుల్తాను అబ్దుల్ మజీదు ఇచ్చిన ఫర్మానాలతో, ఏ భాగం ఎవరి చేతిలో ఉందో అలాగే ఉండాలని తేలింది. గ్రీకులు, కతోలికులు, ఆర్మీనియన్లు ప్రధాన హక్కుదారులు. కాప్టులు అనే ఈజిప్టు క్రైస్తవులు, సిరియన్లు, ఇథియోపియన్లవి చిన్న వాటాలు. ఒక చోటును ఎవరు ఊడిస్తే, ఎవరు మరమ్మతు చేస్తే అది వారిదన్న లెక్క కాబట్టి, 1901లో ముంగిట్లో ఒక్క మెట్టును ఊడ్చే హక్కు కోసం గ్రీకులు, ఫ్రాన్సిస్కన్లు నెత్తురు కారేలా కొట్టుకున్నారు. 1853లో మొదలైన క్రిమియా యుద్ధానికి ఒక సాకు ఈ పుణ్యక్షేత్రాల హక్కుల వివాదమే.

ఆరో_వరుస
మా పెదనాన్నలు పెరటి గోడ కోసం ముప్పయి ఏళ్లు కోర్టుకు తిరిగారు. అక్కడ పుట్టవలసినవాళ్లు.

ఎండుకొబ్బరి
‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అని ఊరికే అన్నారా? ఆరుగురి ఉమ్మడిలో పడి అంతటి దేవాలయం పాడైపోయింది. ఒక్కరి చేతిలో ఉంటే అద్దంలా ఉంచేవారు.

శిల్పి_మనవడు
నేను ఒప్పుకోను. ఒక్కరి చేతిలోనే ఉంటే, పాతదంతా పడగొట్టి చలువరాతితో కొత్తగా కట్టేసేవారు. మన ఊళ్లలో వందేళ్ల మిషనరీ చర్చీలకు, పాత రాతి గుళ్లకు ఏమవుతున్నదో చూస్తూనే ఉన్నాం కదా. ఇక్కడ ఎవరూ ఎవరినీ మేకు కొట్టనివ్వలేదు గనుకనే పదకొండో శతాబ్దపు పని, పన్నెండో శతాబ్దపు పని పక్కపక్కనే మిగిలాయి.

ఎండుకొబ్బరి
మీరు అన్నది నిజమే కావచ్చు, కాని ఆ లెక్కన ఇథియోపియన్ల సంగతి చెప్పండి. వాళ్లు దేవాలయం కప్పు మీద మట్టి గుడిసెల వంటి గదుల్లో ఉంటారు. ఆ చోటు తమదని కాప్టులు, కాదు తమదని వారు. 2002లో ఒక కాప్టిక్ సన్యాసి ఎండ తగులుతోందని కుర్చీని కాస్త నీడలోకి జరుపుకుంటే, అది ఆక్రమణ అని గొడవ మొదలై పదకొండు మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ కప్పు ప్రమాదకరంగా ఉందని ఇంజినీర్లు 2004లో చెప్పినా, మరమ్మతు ఎవరు చేయాలన్న దగ్గరే ఏళ్ల తరబడి ఆగింది. మీరు మెచ్చుకునే ఆ ‘మేకు కొట్టనివ్వకపోవడం’ వల్ల ఎవరో ఒకరి నెత్తిన కప్పు కూలితే?

శిల్పి_మనవడు
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కప్పు సంగతిలో మీదే న్యాయం.

పాతరాళ్లు
ఒప్పందం కుదరని చోటేమీ కాదు. సమాధి మందిరం కూలిపోయే స్థితికి రావడంతో 2016లో ముగ్గురు ప్రధాన హక్కుదారులూ సంతకాలు చేశారు. ఏథెన్సు సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటోనియా మొరోపూలూ బృందం పని చేసింది. ఆ అక్టోబరులో చలువరాతి పలకను జరిపి, శరీరాన్ని ఉంచే సమాధి పడకను అరవై గంటలు మాత్రమే తెరిచి ఉంచారు. కింద సిలువ గుర్తు చెక్కిన, పగిలిన మరొక పలక, దాని కింద సున్నపురాతి పడక కనబడ్డాయి. ఆ పలకను అతికిన సున్నాన్ని పరీక్షిస్తే సుమారు క్రీ.శ. 345 నాటిదని తేలింది. 2017 మార్చిలో పని ముగిసి, బ్రిటిష్ వారి ఇనుప దూలాలు తీసేశారు.

గోదారి_గట్టు
అంటే యేసు సమాధి అని శాస్త్రీయంగా రుజువైనట్లేనా? వాట్సాపులో అలాగే వచ్చింది.

పాతరాళ్లు
కాదు. కాన్‌స్టంటైను మనుషులు గుర్తించిన సమాధి, అల్-హాకిం గునపాలను కూడా తట్టుకుని, నేటికీ అదే చోట ఉందని రుజువైంది. అది ఎవరి సమాధో సున్నం చెప్పదు.

సందేహి గారి తోట మాట ఒకటి మిగిలింది. 2022లో నేల బండలు తీసి బాగుచేయడం మొదలుపెట్టారు. ఆ అవకాశంతో రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయం వారు ఫ్రాంచెస్కా రొమానా స్తసొల్లా నాయకత్వంలో కింద తవ్వారు. క్వారీ పాడుబడిన తరువాత అక్కడ అడ్డు రాతి గట్లు కట్టి మట్టి నింపి సాగు చేశారనీ, ఆలివ్, ద్రాక్ష అవశేషాలు దొరికాయనీ 2025లో ప్రకటించారు. యోహాను చెప్పిన తోట ఇదేనని నేను అనను. ఆ బండల కింద ఒకప్పుడు తోట ఉండేదని మాత్రం అనవచ్చు.

దీవెన_గుంటూరు
మళ్లీ వెళ్లే భాగ్యం కలిగితే ఆ సిరియన్ల గదిలోని గూళ్లు చూస్తాను. ప్రభు భోజనం మాత్రం తోట సమాధి దగ్గరే తీసుకుంటాను.

అమలాపురం_అమ్మాయి
హెలెనా ప్రార్థనాలయానికి దిగే మెట్ల పక్క గోడ కూడా చూడండి అక్కా. గోడ నిండా వందలకొద్దీ చిన్న సిలువలు చెక్కి ఉంటాయి. యాత్రికులు ఎవరికి వారు గీసుకున్నారని అందరూ అనుకునేవారు. లోతు, గీత అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి కనుక, డబ్బు తీసుకుని చెక్కిపెట్టే పనివాళ్లే చెక్కి ఉంటారని పరిశోధకులు ఈమధ్య చెప్పారు. రాలేనివారి పేరు మీద కూడా చెక్కించుకుని ఉంటారేమో. మా నాన్న పేరు తలుచుకుని నేను ఒక సిలువ మీద వేలు పెట్టి వచ్చాను.

సందేహి_తెనాలి
చర్చ మొత్తం మా అమ్మకు రెండు రాత్రులు కూర్చుని చదివి వినిపించాను. పాత సంతలా ఉందని అన్నందుకు నొచ్చుకుంది. ‘తెలియక అన్నాను, వాళ్లకు చెప్పు’ అంటోంది.

శిల్పి_మనవడు
నొచ్చుకోవద్దని చెప్పండి. కాన్‌స్టంటైను కట్టించిన దేవాలయపు వీధి గుమ్మాలు సంత నడిమధ్యలోకి తెరుచుకునేవని యుసేబియస్ స్వయంగా రాశాడు. ఆ గుమ్మపు రాళ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి: కొన్ని రష్యన్ల అలెగ్జాండర్ నెవ్‌స్కీ చర్చిలో, కొన్ని ఆ పక్కన బజారులో ఒక మిఠాయి దుకాణం వెనుక గదిలో.

సందేహి_తెనాలి
ఇది కూడా చదివి వినిపించాను. ఆ దుకాణంలో ఏం మిఠాయి అమ్ముతారని అడుగుతోంది.

అమలాపురం_అమ్మాయి
ముతబ్బక్ అంటారు అమ్మా. మన కాజా పొరల్లాగా పల్చటి పిండి మడిచి, లోపల జున్ను పెట్టి కాలుస్తారు. పైన పాకం పోసి వేడిగా ఇస్తారు.